ఇరుకు గల్లీలో ఇంటి పని: సామాను ఒకేసారి దించుకోవాలా, విడతలుగానా?

కొత్తిల్లు: హైదరాబాద్‌లో మాది ఇరవై అడుగుల గల్లీ. పగలు పెద్ద లారీలను సిటీలోకి రానివ్వరని ఇసుకాయన రాత్రి పన్నెండింటికి తెచ్చి రోడ్డు మీదే పోసి వెళ్లాడు. పొద్దున ఎదురింటివాళ్ల కారు కదల్లేదు, పెద్ద గొడవైంది. రేట్లు పెరగకముందే సిమెంటుతో సహా అన్నీ దించేసుకోమని మేస్త్రీ ఒత్తిడి చేస్తున్నాడు. ఏం చేయమంటారు?

రెండిళ్లు కట్టినవాణ్ణి: మేస్త్రీ మాటే వినండి. నా మొదటి ఇంటికి స్లాబ్ రోజు ఇరవై బస్తాలు తక్కువ పడ్డాయి. బండి వచ్చేసరికి సాయంత్రమైంది. పోత ఆగిన చోటే ఇప్పటికీ వానాకాలం చెమ్మ దిగుతుంది. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

సైట్ ఇంజనీర్: అన్నా, మీకు జరిగింది బాధాకరమే. కానీ అది లెక్క తప్పడం వల్ల వచ్చింది, విడతలుగా తెప్పించడం వల్ల కాదు. 18 ఘనపు మీటర్ల స్లాబుకు 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) దాదాపు 140 బస్తాల సిమెంటు కావాలి, అంటే 7 టన్నులు. అది ముందురోజే దిగి, లెక్క చూసుకోవాలి. అంతేగానీ మూడు నెలల సిమెంటు ఇప్పుడే కొంటే ఎలా? నిల్వలో మూడు నెలలకే దాని బలం ఐదో వంతు దాకా పోవచ్చు. ఉంచక తప్పదంటే చెక్కల మీద, గోడకు ఎడంగా, పది బస్తాల ఎత్తు మించకుండా పేర్చండి. ఇనుము ముందే కొనుక్కోవచ్చు, తడవకుండా కప్పితే చాలు.

ఇసుక, కంకర చిన్న టిప్పర్లలో తెప్పించండి. కిరాయి కాస్త ఎక్కువే, కానీ సరుకు నేరుగా మీ స్థలంలోనే పడుతుంది. రెడీమిక్స్ (ప్లాంటులోనే కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు) అయితే మెయిన్ రోడ్డు మీద పంపు పెట్టి పైపు లాగాలి. ప్లాంటులో లోడ్ చేసిన రెండు గంటల్లోపు పోసెయ్యాలి, అందుకే బండ్లకు మధ్య ఎడం ముందే మాట్లాడుకోండి.

పక్కింటివాణ్ణి: మా గోడు కూడా వినండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇళ్ల మధ్య చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదని రూల్ ఉంది. మా అమ్మకు గుండె జబ్బు. లారీ తొట్టి ఎత్తిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేస్తుంది. వానొస్తే ఆ ఇసుకంతా మోరీలోకే.

కొత్తిల్లు: అర్థమైంది. సిమెంట్ ఆర్డర్ ఆపేశాను. రేపు సాయంత్రం ఎనిమిదింటికి కంకర చిన్న టిప్పర్‌లో వస్తోంది. పక్కిళ్లకు ఇప్పుడే చెప్పి వస్తాను.