చెరువులోకి మురుగు: ఫిర్యాదు మూసేశాక ఏం చేయాలి?
(చర్చా వేదికలో వచ్చిన ప్రశ్న, జవాబులు. ప్రతి పోస్టు ముందున్నది రాసినవారి మారుపేరు.)

కట్టమీద:
హైదరాబాద్ శివార్లలో, ఔటర్ రింగ్ రోడ్డుకు లోపలివైపున్న చెరువు. పైన మూడు కాలనీలు, రెండు పెద్ద అపార్ట్‌మెంట్లు. వాననీళ్లు రావాల్సిన నాలాలో నడి ఎండాకాలంలోనూ నల్లటి నీళ్లు పారుతున్నాయి. చెరువు సగం గుర్రపుడెక్కే. తెల్లారేసరికి చేపలు తేలుతున్నాయి. చేపల నష్టం మత్స్య సహకార సంఘానిది, వాసనా దోమలూ కట్ట కింది బస్తీవాళ్లవి. ఫిర్యాదు పెడితే రెండు రోజుల్లో ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తుంది, నాలా మాత్రం అట్లనే పారుతుంది. ఎవరిని పట్టుకోవాలి? ఏ రుజువు చూపిస్తే కదులుతారు? గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోవాలంటే ఏమేం కావాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పైపులైను:
ముందు ఎవరిది ఏదో విడదీసుకోండి. మురుగు లైను, మ్యాన్‌హోళ్లు జలమండలివి (నగర నీటి సరఫరా, మురుగునీటి బోర్డు). వాననీటి నాలా కార్పొరేషన్‌ది. కట్ట, తూము, మత్తడి (అలుగు) ఇరిగేషన్‌వి. నీటి నాణ్యత, అపార్ట్‌మెంట్ల ఎస్టీపీల (మురుగు శుద్ధి ప్లాంట్ల) అనుమతులు పీసీబీవి (రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి). ‘చెరువు పాడైంది’ అని ఒకే ఫిర్యాదు రాస్తే నాలుగు ఆఫీసులూ ఒకదాని మీదొకటి తోసేస్తాయి. ‘ఫలానా మ్యాన్‌హోల్ నుంచి నాలాలోకి పొర్లుతోంది’ అని జలమండలికి, ‘నాలాకు ఇన్ని ఇళ్ల మురుగు పైపులు కలిశాయి’ అని కార్పొరేషన్‌కు విడివిడిగా రాస్తే తప్పించుకోవడం కష్టం. జలమండలి నంబరు 155313కు ఫోన్ చేసినా ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. మూసేసిన తేదీ, ఆ మర్నాడు తీసిన ఫొటో పక్కపక్కన పెడితే అదే రుజువు.

నాలా వెంట కింది నుంచి పైకి నడవండి. వాన పడి కనీసం మూడు రోజులైన తర్వాతే. అప్పుడు నాలాలో పారేదంతా మురుగే. కలిసే ప్రతి పైపుకూ ఒక నంబరు వేసి వ్యాసం, పదార్థం, ధార ఎంత ఉందో, ఏ వీధి వైపు నుంచి వస్తోందో రాసుకోండి. అనుమానమున్న చోట ఫ్లోరెసిన్ రంగు పోసి చూడొచ్చు, కానీ ఆ పని జలమండలి సిబ్బంది సమక్షంలోనే జరగాలి. లేకపోతే రంగు ఎక్కడ పోశారన్నదే వివాదమవుతుంది.

ఎంత పారుతోందో కూడా కొలవండి. ‘చాలా మురుగు’ అంటే ఏ ఇంజినీరూ ఫైలు తెరవడు. తిన్నగా ఉన్న 10 మీటర్ల నాలా ముక్క చూసుకుని, నారింజకాయ వదిలి ఎన్ని సెకన్లకు చేరిందో చూడండి. వెడల్పు 80 సెంటీమీటర్లు, సగటు లోతు 10 సెంటీమీటర్లు, కాయకు 25 సెకన్లు పట్టిందనుకోండి. పైపొర వేగం సెకనుకు 0.4 మీటరు. అడుగున నీళ్లు నెమ్మదిగా కదులుతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. లెక్క సెకనుకు 27 లీటర్లకు వస్తుంది. అదే ధార రోజంతా పారితే సుమారు 23.5 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగు అనే ప్రామాణిక లెక్కన, అంటే 108 లీటర్లు వేసుకుంటే, దాదాపు 21,800 మంది మురుగు. అయితే పొద్దున 7 నుంచి 9 దాకా ధార బాగా ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. ఒక్కసారే కొలిస్తే ఆ అంకెను అవతలివాళ్లు నిమిషంలో కొట్టేస్తారు. తెల్లవారుజామున, పొద్దున, మధ్యాహ్నం కొలిచి సగటు రాయండి.

మ్యాన్‌హోల్ ఎందుకు పొర్లుతోందో కూడా అడగాలి. విడి ఇళ్ల కాలంలో వేసిన 200 మిల్లీమీటర్ల లైనును 250కి 1 వాలులో వేస్తే, నిండుగా పారినా సెకనుకు 20 లీటర్లే మోస్తుంది. ఆ వీధిలో అపార్ట్‌మెంట్లు లేచాక ఎన్నిసార్లు జెట్టింగ్ మిషన్ (నీటి ఒత్తిడితో పూడిక తీసేది) తెచ్చినా పొద్దున పూట పొర్లక తప్పదు. వాలు తగ్గి, వేగం సెకనుకు 0.6 మీటరు కంటే పడిపోతే ఇసుక, హోటళ్ల నూనె మడ్డి అడుగున పేరుకుంటాయి. అలాంటిచోట పూడిక తీయమని అడగడం వృథా, లైను మార్చమనే అడగాలి.

సీసా నంబర్ 4:
చేపలు తెల్లారి తేలుతున్నాయన్నారు కదా, కీలకం అక్కడే ఉంది. మురుగులోని పోషకాలతో నాచు పచ్చగా పెరుగుతుంది. పగలంతా ఎండకు అదే ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే పీల్చేస్తుంది. సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు పదకొండు గంటలకు నమూనా తీస్తే లీటరుకు 6, 7 మిల్లీగ్రాములు కూడా చూపిస్తుంది. ‘నీళ్లు బాగానే ఉన్నాయి’ అనే రిపోర్టులు చాలావరకు అలా పుట్టినవే. చేపల పెంపకానికి, వన్యప్రాణులకు పనికొచ్చే నీళ్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు కనీసం 4 మిల్లీగ్రాములు. ఉదయం ఐదున్నరకు ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అదే చోట, అదే రోజు తీయండి. రెండు అంకెలూ పక్కన పెడితే ఇక వాదన ఉండదు.

నమూనా ఎలా తీస్తారన్నదాని మీదే అంతా ఉంటుంది. ఆక్సిజన్ కొలిచే సీసా 300 మిల్లీలీటర్లది, మూతి దాకా నిండాలి, మూత పెట్టాక లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు. మీటరు లేకపోతే అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ అజైడ్ ద్రావణాలు కలపాలి. గోధుమరంగు అవక్షేపం దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. ఆ తెల్లటి సీసాను ఫొటో తీసి పెట్టుకోండి, కలెక్టర్ ముందు వంద మాటలకంటే అది గట్టిగా మాట్లాడుతుంది. బీవోడీ (మురుగును కుళ్లించే సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడతాయో చూసే పరీక్ష) సీసాను ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. మన దేశంలో ఆ పరీక్ష 27 డిగ్రీల దగ్గర 3 రోజులు. సీవోడీ (అదే అవసరాన్ని రసాయనాలతో కొలిచేది) సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కంటే కిందికి దించాలి. కోలిఫామ్‌కు (మలం బ్యాక్టీరియా పరీక్షకు) స్టెరైల్ సీసా ల్యాబు దగ్గరే అడిగి తీసుకోండి, మంచినీళ్ల బాటిల్ కడిగి వాడితే ఆ ఫలితం చెల్లదు.

చెరువులోకి దిగే నాలా మూతి, చెరువు మధ్య, మత్తడి, ఈ మూడు చోట్లా తీయాలి. నాలాలో కాలనీలకు పైన శుభ్రమైన నీళ్లుంటే అక్కడ కూడా. మురుగు కలిసే ముందూ కలిశాకా తేడా చూపించే నమూనా అదే.

ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల జాతీయ గుర్తింపు సంస్థ) గుర్తింపు ఉందా అని చూడటంతో సరిపోదు, మీరు అడిగే ప్రతి పరీక్షా ఆ గుర్తింపు పరిధిలో ఉండాలి. ఇంకో మాట: మీరు తీసింది నీటి చట్టం 1974లోని 21వ సెక్షన్ ప్రకారం తీసిన నమూనా కాదు. అది పీసీబీ అధికారి నోటీసిచ్చి, సీలు వేసి తీసేది. మీ రిపోర్టు ఆయన్ని చెరువు దగ్గరికి రప్పించడానికి. ఆయన వచ్చేది ఉదయం ఐదున్నరకే కావాలని లిఖితంగా అడగండి.

బ్లోయర్:
ఆ రెండు అపార్ట్‌మెంట్ల ఎస్టీపీలు చూశారా? కట్టినప్పుడు బాగానే నడుస్తాయి. అసోసియేషన్ చేతికొచ్చాక కరెంటు బిల్లు చూసి రాత్రిళ్లు బ్లోయర్ (ట్యాంకులోకి గాలి కొట్టే మిషన్) ఆపేస్తారు. గాలి అందక మురుగు తినే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ట్యాంకు నీళ్లు మట్టిరంగు నుంచి నలుపుకు తిరుగుతాయి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. గాలి కొట్టే ఆ ఏరేషన్ ట్యాంకులో ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండాలి. ఒక లీటరు కొలజాడీలో ఆ నీళ్లు పట్టి 30 నిమిషాలు కదలకుండా ఉంచితే మామూలు యాక్టివేటెడ్ స్లడ్జ్ ప్లాంటులో (బ్యాక్టీరియా మడ్డి నీటిలోనే కలిసి తిరిగేది) 250 నుంచి 400 మిల్లీలీటర్ల మడ్డి దిగాలి. 50 కూడా దిగకపోతే ఆ ప్లాంటు పేరుకే నడుస్తున్నట్టు. ఎంబీబీఆర్ రకం ప్లాంటు అయితే ఈ పరీక్ష పనికిరాదు, అక్కడ బ్యాక్టీరియా ప్లాస్టిక్ బిళ్లల మీద ఉంటుంది.

లాగ్‌బుక్ ఎప్పుడూ నీట్‌గానే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. ఎస్టీపీకి విడి కరెంటు మీటరు ఉందా, నెల నెలా యూనిట్లు ఎన్ని, మడ్డి ఎత్తుకెళ్లిన ట్యాంకరు రసీదులు ఏవీ అని అడగండి. ఏడాదిగా ఒక్కసారి కూడా మడ్డి తీయలేదంటే అది నాలాలోకే పోయింది. ఈక్వలైజేషన్ ట్యాంకు (వచ్చిన మురుగును మొదట నిల్వ చేసేది) పై అంచు దగ్గర వాననీటి కాలువ వైపు ఒక పైపు ఉందేమో కూడా చూడండి. పంపు ఆగినప్పుడు మురుగు దారి మళ్లేది అక్కడే.

సెక్షన్ 6:
ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తులో ‘చెరువు కాలుష్యంపై తీసుకున్న చర్యలు తెలపండి’ అని అడిగితే ఒక పేరా జవాబు వస్తుంది, ఎందుకూ పనికిరాదు. కాగితాలే అడగండి. ఈ కాలనీల మురుగు ఏ ఎస్టీపీకి చేరాలో చూపే లైను డ్రాయింగు. కాలనీలో ఎన్ని ఇళ్లకు మురుగు కనెక్షను ఇచ్చారు, ఎన్ని ఇళ్లకు ఆస్తిపన్ను వేస్తున్నారు (ఈ రెండింటి తేడాయే నాలాలో పారేది). ఆ ఎస్టీపీకి రోజూ వచ్చే, వెళ్లే నీటి పరిమాణం, కరెంటు వినియోగం. అపార్ట్‌మెంట్లకు పీసీబీ ఇచ్చిన అనుమతి నకలు, షరతులతో సహా.

ఆ చట్టంలో సెక్షన్ 2(జె) కింద పని జరిగే చోటికెళ్లి తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కు ఉన్నాయి. చాలామంది వాడరు. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు, జవాబు రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు.

మూసీ దిగువ:
కట్టమీద గారూ, ఒక్క విషయం మరిచిపోవద్దు. రేపు మీ పోరాటం ఫలించి చెరువు పక్కనుంచి పైపు వేసి మురుగు మళ్లిస్తారు. ఆ పైపు చివర ఎక్కడుంది? ఎస్టీపీలో అయితే సంతోషం. మత్తడి కింది వాగులోకే అయితే అది మా దగ్గరికే వస్తుంది. నగరం వదిలిన నీళ్లు మూసీలో కలిసి, కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర మళ్లి, పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి కాల్వల్లో యాదాద్రి భువనగిరి, నల్లగొండ జిల్లాల పొలాలకు పారుతాయి. హైదరాబాద్ నుంచి నల్లగొండ దాకా మూసీ 2018లో దేశంలో గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల జాబితాలోకి ఎక్కింది. అక్కడి రైతులు ఈ మురుగును కోరి తెచ్చుకోలేదు, వేరే నీళ్లు లేవు కాబట్టి పారిస్తున్నారు. నత్రజని ఎక్కువై వరి నల్లగా, ఏపుగా పెరిగి గింజ పట్టకముందే పడిపోతుంది. నాట్లేసే ఆడవాళ్ల కాళ్లకు దురదలు. ఆ నీటితో పారాగడ్డి పెంచి పశువులకు వేస్తారు, ఆ పాలు మళ్లీ నగరానికే వస్తాయి.

కాబట్టి మళ్లింపు అడిగేటప్పుడు మూడు విషయాలు రాయించుకోండి: లైను చివర ఏ ఎస్టీపీ, దానికి ఇంకా ఎంత ఖాళీ సామర్థ్యం ఉంది, పంపింగ్ స్టేషనుకు జనరేటరు ఉందా. 2021లో హైదరాబాద్‌కు 31 కొత్త ఎస్టీపీలు, రోజుకు మొత్తం 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో, 3,866.41 కోట్ల రూపాయలతో మంజూరయ్యాయి. ప్లాంటు కట్టినంత మాత్రాన లైను దానికి కలిసినట్టు కాదు. అడగాల్సింది ఆ కలిపే లైను గురించే.

రైవస్ గట్టు:
మూసీ దిగువ గారు చెప్పిందే కృష్ణా డెల్టాలోనూ ఉందండి. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాల్వలు ఊరి మధ్యనుంచే పోతాయి, దారిలో మురుగు కలుస్తుంది. కింది ఊళ్లకు అదే తాగునీరు, మంచినీటి చెరువులు నింపేది ఆ కాల్వ నీళ్లతోనే. కాల్వలు వదిలినప్పుడు మొదట వచ్చే నీళ్లు అడుగు కుళ్లంతా ఊడ్చుకొస్తాయి. తొలి నీళ్లు చెరువులోకి ఎక్కించకుండా తూము మూసి ఉంచాలని పంచాయతీ చేత తీర్మానం చేయించండి.

మురుగు కలిసిన నీటికి బ్లీచింగ్ లెక్క కూడా మారుతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియాకు 8 నుంచి 10 మిల్లీగ్రాముల క్లోరిన్ ఖర్చయ్యాకే కుళాయి దగ్గర కావాల్సిన లీటరుకు 0.2 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ (అమ్మోనియాతో కలవనిది) మిగులుతుంది. క్లోరిన్ కొలిచే పాత క్లోరోస్కోప్‌లో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్‌కూ పసుపు వస్తుంది, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. ఫ్రీ క్లోరిన్‌ను విడిగా చూపే డీపీడీ మాత్రలు అడగండి.

ఓ.ఏ. నంబర్:
ట్రిబ్యునల్ సంగతి. మనకు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం, ఫైలింగ్ ఆన్‌లైన్‌లో చేయొచ్చు. జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) చట్టం 2010, సెక్షన్ 14 కింద వివాదం మొదట తలెత్తిన తేదీ నుంచి 6 నెలల్లో వేయాలి, కారణం చూపితే మరో 60 రోజులు. ‘పదేళ్లుగా ఫిర్యాదులు చేస్తున్నాం’ అని గర్వంగా మొదలుపెట్టిన పిటిషన్‌కు అవతలి లాయరు మొదట లేవనెత్తేది ఈ గడువునే. పర్యావరణ పునరుద్ధరణ, నష్టపరిహారం కోరే సెక్షన్ 15కు గడువు 5 ఏళ్లు. అందుకే రెండూ రాయండి. నష్టపరిహారం అడగకపోతే ఫీజు 1,000 రూపాయలు, అడిగితే అడిగిన మొత్తంలో 1 శాతం, కనీసం 1,000. దారిద్య్రరేఖ దిగువవారికి ఫీజు లేదు. చేపల సంఘం, బస్తీవాళ్లు దరఖాస్తుదారులుగా ఉండటం ఫీజు కోసం కాదు, నష్టపోయింది వాళ్లు. కాలనీ సంఘం ఒక్కటే వేస్తే కేసు వాసన గురించే నడుస్తుంది.

ప్రతివాదులుగా జలమండలి, కార్పొరేషన్, పీసీబీ, ఇరిగేషన్, కలెక్టర్, రాష్ట్ర ప్రభుత్వం. అనుమతి పొందిన అపార్ట్‌మెంట్లు కూడా. సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరి 22న పర్యావరణ్ సురక్షా సమితి కేసులో ఎస్టీపీల ఏర్పాటుకు గడువులు పెట్టింది, ఆ అమలును ఎన్జీటీ ఓ.ఏ. (ఒరిజినల్ అప్లికేషన్, అంటే అక్కడ వేసే దరఖాస్తు) 593/2017లో చూసింది. అక్కడే 2019 ఆగస్టు ఉత్తర్వులో మురుగును అక్కడికక్కడైనా శుద్ధి చేయని ఒక్కో నాలాకు నెలకు 5 లక్షలు, పూర్తికాని ఒక్కో ఎస్టీపీకి నెలకు 10 లక్షల పర్యావరణ పరిహారం అన్నారు. మీ నాలా కొలతలు పిటిషన్‌కు ఎక్కాల్సింది ఆ పేరాల పక్కనే.

సాధారణంగా మొదట జరిగేది సంయుక్త కమిటీ తనిఖీ. కమిటీ వచ్చే రోజున ట్యాంకర్లతో నాలా కడిగేయడం మామూలే. దరఖాస్తుదారుకు ముందే తెలియజేసి, ఆయన సమక్షంలో తనిఖీ జరగాలని మొదటి వాయిదాలోనే అడగండి.

పైపులైను:
ఇంకోటి, ముఖ్యమైనది. ఫిర్యాదు ఆలస్యమైందని ప్రైవేటుగా ఎవరినైనా పిలిచి మ్యాన్‌హోల్‌లోకి దించొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి రెండు శ్వాసల్లో కూలిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా అలా దించడం, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు మరణాలకు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. మిషన్ వచ్చేదాకా ఆగాల్సిందే.

కట్టమీద:
అందరికీ ధన్యవాదాలు. ఒక అనుమానం: తెల్లవారుజామున నమూనా తీయాలంటే ల్యాబు తెరిచేది తొమ్మిదింటికి. అప్పటిదాకా సీసాలు నిలుస్తాయా?

సీసా నంబర్ 4:
నిలుస్తాయి. ఆక్సిజన్ సీసాలో ద్రావణాలు కట్ట మీదే కలిపితే ఆక్సిజన్ అక్కడికక్కడే పట్టుబడుతుంది, చీకట్లో ఉంచి ఆ పూటే ల్యాబులో టైట్రేషన్ చేయించవచ్చు. బీవోడీ, కోలిఫామ్ ఐసులో ఉంటే మూడున్నర గంటలకు ఏమీ కాదు. సీసా మీద తేదీ, గంట, నిమిషం, చోటు చెరగని పెన్నుతో రాయండి, తీసేటప్పుడు ఇద్దరు సంతకం చేయండి. ల్యాబు రసీదులో అందిన సమయం, సీసా ఉష్ణోగ్రత రాయించుకోవడం మరవొద్దు.