మోటార్‌హోమ్‌లో ఎస్ప్రెసో మెషిన్ పెట్టాలా, వద్దా?

రోడ్డుమీదిల్లు:
వచ్చే నెల మూడు వారాల ప్రయాణం పెట్టుకున్నాం. బండి పాతది. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒకటి, పైన 100 వాట్ల సోలార్ ప్యానెల్, 1500 వాట్ల ఇన్వర్టర్, రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్. ఇన్నేళ్లూ ఇన్‌స్టంట్ పొడితోనే నెట్టుకొచ్చాం. ఈసారి మా ఆయన ఒకటే పట్టు, ఇంట్లో ఉన్న ఎస్ప్రెసో మెషిన్‌ని బండెక్కిద్దామని. సెలవుల్లో కూడా చెడ్డ కాఫీ తాగడమేమిటి అంటారు. నాకేమో బ్యాటరీ సంగతి తలుచుకుంటేనే టెన్షన్. అలాగని గ్యాస్ మీద మోకా పాట్‌తో (కింది గదిలో నీళ్లు ఆవిరి ఒత్తిడికి పొడిలోంచి పైకెక్కే పాత్ర) నేను చేసేదీ గొప్పగా లేదు. ప్రతిసారీ చేదు, మాడు వాసన. మెషిన్ లేకుండా బండిలో మంచి కాఫీ అయ్యే పనేనా? ఎక్కువ రాత్రులు కరెంటు కనెక్షన్ లేని చోట్లే ఆగుతాం. మొహమాటం లేకుండా చెప్పండి.

వోల్టుమీటరు:
మొహమాటం లేకుండానే చెబుతున్నా, ఆ బ్యాటరీతో వద్దండి.

మీ బ్యాటరీలో కాగితం మీద 1200 వాట్-అవర్లు ఉన్నాయి. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి వాడుకోదగ్గది 600. ఇంటి మెషిన్ వేడెక్కేటప్పుడు 1400 వాట్లు లాగుతుందనుకుందాం. ఇన్వర్టర్ నష్టాలు కలిపితే బ్యాటరీ వైపు 130 ఆంపియర్ల దాకా పోతుంది. అసలు చిక్కు ఇక్కడే. ఆ సైజు లెడ్ యాసిడ్ నుంచి ఒక్కసారిగా అంత గుంజితే వోల్టేజి దబ్బున పడిపోతుంది. లోపల ఛార్జి ఉన్నా సరే, ఇన్వర్టర్ కుయ్యోమని అరిచి ఆగిపోతుంది. నీళ్లు సగం వేడిలో, మీరు సగం నిద్రలో.

ఆగకుండా నడిచిందే అనుకోండి. బాయిలర్ ఉన్న మెషిన్ వేడెక్కి, రెండు కప్పులు దించి, పాలకు ఆవిరి పట్టేసరికి 150 వాట్-అవర్లు సులువుగా ఖర్చవుతాయి. మీ చేతిలో ఉన్నదాంట్లో నాలుగో వంతు. లైట్లు, నీళ్ల పంపు, ఫ్రిజ్ అన్నీ మిగిలినదాంట్లోనే సర్దుకోవాలి. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండ ఉన్న రోజున 300, 400 వాట్-అవర్లు ఇస్తుంది. మబ్బు పట్టిందా, ఇక చెప్పక్కర్లేదు.

తొమ్మిదిబార్లు:
లెక్క తప్పు కాదు, దాన్నుంచి తేల్చింది తప్పు. ఆ బ్యాటరీతో వద్దు అనండి, మెషినే వద్దన్నట్టు మాట్లాడకండి.

నా బండిలో 200 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంది. దాదాపు 2500 వాట్-అవర్లు, అందులో 80 శాతం నిశ్చింతగా వాడుకుంటాను. 130 ఆంపియర్లు లాగినా చలించదు. మెషిన్ థర్మోబ్లాక్ రకం, అంటే నీళ్లు పారుతుండగానే వేడిచేసేది కాబట్టి నిమిషంలో వేడెక్కుతుంది, రెండు కప్పులకు 50 వాట్-అవర్లు కూడా కావు. ఒక్క జాగ్రత్త, ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులాంటి నున్నటి తరంగం ఇచ్చే) రకమే కావాలి. చవగ్గా వచ్చిందని తీసుకున్న మాడిఫైడ్ సైన్ ఇన్వర్టర్ మీద నా మొదటి మెషిన్ పంపు వారం రోజులు గుర్రుగుర్రుమని ఆనక మూలన పడింది.

ఇక రుచి. ఎస్ప్రెసోకి 9 బార్ల ఒత్తిడి కావాలి (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి). మోకా పాట్‌లో పుట్టేది ఒకటో రెండో బార్లు. దాన్ని స్టవ్ మీది ఎస్ప్రెసో అని అమ్మేవాళ్లు అమ్ముతారు, తాగేవాళ్లకి తేడా తెలుస్తుంది. మీ ఆయన అడుగుతున్నది నిజంగా ఎస్ప్రెసో అయితే ఇంకోటి ఇచ్చి ఒప్పించలేరు.

పిప్పిబుట్ట:
అక్క అడిగింది మంచి కాఫీ. తొమ్మిదిబార్లు గారు బండి వైరింగంతా మార్చుకోమంటున్నారు. చెప్పు కోసం కాలు కోసుకున్నట్టుంది.

గ్యాస్ లెక్క కూడా వినండి. ఒక కప్పుకి పావు లీటరు నీళ్లు మరగడానికి 23 వాట్-అవర్ల వేడి చాలు. స్టవ్ వేడిలో సగం గాలికి పోయినా ఖర్చయ్యే గ్యాస్ మూడు నాలుగు గ్రాములు. 5 కిలోల సిలిండర్‌తో వెయ్యి కప్పులు దాటతాయి. బ్యాటరీ జోలికే పోనక్కర్లేదు.

చేసే సాధనం అంటారా, ఏరోప్రెస్. ఎగిరే రింగు బొమ్మ ఏరోబీని కనిపెట్టిన ఆలన్ ఆడ్లరే 2005లో దీన్నీ తెచ్చాడు. ప్లాస్టిక్ గొట్టం, కింద పడ్డా పగలదు, సొరుగులో పడి ఉంటుంది. 15 గ్రాముల పొడి, 200 మిల్లీలీటర్ల నీళ్లు, కలిపి ఒకటిన్నర నిమిషం ఆగి నొక్కడమే. నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతి పని. పిప్పి పిడకలా గట్టిగా బయటికొచ్చి చెత్తబుట్టలో పడుతుంది. గొట్టం ఓసారి తుడిస్తే సరి.

నానిన పొడిని జల్లెడతో అడుక్కి నొక్కే ఫ్రెంచ్ ప్రెస్ వాడేవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది. నా పేరు ఊరికే రాలేదు. ఒక వేసవంతా ఫ్రెంచ్ ప్రెస్ కడిగిన నీళ్లు సింకులోనే పోశాను. పిప్పంతా గ్రే వాటర్ ట్యాంకు (సింకులో వాడిన నీళ్లు చేరేది) అడుగున చేరి, ఎండకి ఉడికి, చివరికి బండిలో పడుకోలేనంత కంపు. ట్యాంకు ఖాళీ చేసే గొట్టం కూడా పూడుకుపోయింది. దాన్ని పుల్లతో పొడిచిన మధ్యాహ్నం ఇంకా గుర్తుంది.

కొత్తడ్రైవరు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. సిగరెట్ లైటర్ సాకెట్‌కి తగిలించే 12 వోల్టుల కెటిల్ ఉంటుంది కదా, అది చాలదా? బండి నడుస్తుండగానే నీళ్లు కాగుతాయి.

వోల్టుమీటరు:
ఆ సాకెట్ ఫ్యూజు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్లు, కాబట్టి ఆ కెటిళ్లు 150 వాట్ల దగ్గరే ఆగిపోతాయి. లీటరు నీళ్లకి అరగంట దాటుతుంది, కెటిల్ పైనుంచి పోయే వేడి కలిపితే ఇంకా ఎక్కువ. ఆలోగా మళ్లీ నిద్ర పట్టేస్తుంది. బండి నడుస్తుండగా మరిగే నీళ్ల గిన్నె లోపల పెట్టుకోవడం మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వద్దు తమ్ముడూ. ఒక్క సడన్ బ్రేకు చాలు.

తొమ్మిదిబార్లు:
గ్యాస్ వెయ్యి కప్పులు ఇస్తుందన్నారు, బాగానే ఉంది. చలి సంగతి చెప్పలేదేం? బ్యూటేన్ మరిగే స్థానం సున్నాకి అర డిగ్రీ కింద. గడ్డ కట్టే చలిలో సిలిండర్ నిండా గ్యాసున్నా మంట రాదు. పైగా తలుపులన్నీ మూసి స్టవ్ వెలిగించుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. కరెంటుకి ఈ రెండు బాధలూ లేవు.

పిప్పిబుట్ట:
రెండూ ఒప్పుకుంటాను. చలికాలంలో ప్రొపేన్ వాడాలి, అది మైనస్ 42 దగ్గర కూడా ఆవిరవుతుంది. పైన గాలి తలుపు తెరవాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండి తీరాలి. కానీ ఇవి గ్యాస్ మీద వంట చేసేవాళ్లంతా కాఫీ ఉన్నా లేకున్నా పాటించాల్సినవే. గడ్డ కట్టే చలిలో మీ లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదన్న సంగతి మాత్రం మీరూ చెప్పలేదు.

తొమ్మిదిబార్లు:
దానికి హీటర్ ఉన్న బ్యాటరీలు దొరుకుతాయి.

పిప్పిబుట్ట:
దొరుకుతాయి. ఇంకో ఖర్చు.

పాతకెటిల్:
మీరిద్దరూ కొట్టుకోండి, నేను అక్క మోకా పాట్ సంగతి చూస్తాను. పాపం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

అల్ఫోన్సో బియలెట్టి కంపెనీ 1933లో తెచ్చినప్పటినుంచీ దాని మీద ఉన్న ఫిర్యాదు ఇదే, చేదు. తొంభై పాళ్లు తప్పు మంటది. చన్నీళ్లు పోసి పెద్ద మంట మీద పెడితే, నీళ్లు కాగేలోపు పైనున్న పొడి వేడి లోహంలో కూర్చుని మాడుతుంది. కింద గదిలో ముందే కాచిన నీళ్లు పోయండి, వాల్వు దాటనీయొద్దు. పొడి వదులుగా నింపండి, నొక్కొద్దు. ఎస్ప్రెసో అంత మెత్తని పొడి వద్దు, కాస్త గరుకుగా ఉండాలి. బిగించేటప్పుడు గుడ్డతో పట్టుకోండి, చెయ్యి కాలుతుంది. సన్న మంట, మూత తెరిచి ఉంచండి. నల్లగా తేనెలా కారుతున్న డికాక్షన్ లేత రంగుకి మారి బుడగలు కక్కడం మొదలవగానే దించేయండి. ఆ చివరి గుడగుడ అంతా ఆవిరే, చేదంతా అప్పుడే దిగుతుంది. దించాక అడుగు భాగాన్ని తడిగుడ్డ మీద పెడితే వెంటనే ఆగిపోతుంది.

బండి స్టవ్ బర్నర్ల మీద చిన్న పాట్ సరిగ్గా నిలబడదు. బర్నర్ కాళ్ల మధ్య పెట్టే చిన్న ఇనప చట్రం ఒకటి ఉంచుకోండి. బండి సమంగా నిలిపారో లేదో చూసుకోండి, ఏటవాలు మీద కింద గదిలో నీళ్లు ఒక పక్కకి చేరి చివర్లో ఆవిరి ముందే వచ్చేస్తుంది.

తెల్లవారుజాము:
ఇంతసేపూ చదివాను. బ్యాటరీ గురించి, గ్యాస్ గురించి, గొట్టం గురించి రాశారు. నీళ్లు ఎక్కడివి అని ఒక్కరూ అడగలేదు!

ఫిల్టర్ కాగితంలోంచి దిగిన కప్పు కాఫీలో 98 శాతానికి పైగా నీళ్లే. బండి ట్యాంకులో ఆ నీళ్లు ప్లాస్టిక్ గొట్టంలోంచి వచ్చి, నాలుగు రోజులు ఎండకి వేడెక్కి, క్లోరిన్‌తో కలిసి కూర్చుంటాయి. వాటితో ఏ మెషిన్ పెట్టినా స్విమ్మింగ్ పూల్ కాఫీయే. స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ పెట్టుకున్న కొలతలో క్లోరిన్ వాసన అసలుండకూడదు, కరిగిన లవణాలు లీటరుకి 150 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి. అలాగని పూర్తిగా డిస్టిల్డ్ నీళ్లు పోస్తే చప్పగా ఉంటుంది, పొడిలోని రుచిని లాగడానికి కాస్త ఖనిజం కావాలి.

పైగా ప్రయాణంలో ప్రతి ఊళ్లోనూ నీళ్లు వేరు. ఇక్కడ మెత్తగా, రేపు సున్నంలా. మెషిన్ లోపల పొలుసు కట్టేది ఆ రెండో రకమే. కార్బన్ ఫిల్టర్ క్లోరిన్‌ని తీసేస్తుంది కానీ గట్టి నీళ్లని మెత్తబరచదు. నేను చేసేది చిన్న పని. తాగే నీళ్లకి పది లీటర్ల క్యాన్ వేరేగా పెట్టుకుని, కార్బన్ ఫిల్టర్ కూజాలో పోసి వాడతాను. ట్యాంకు గిన్నెలకీ స్నానానికీ. వేడి నీళ్ల కుళాయిలోంచి కాఫీకి పట్టేవాళ్లని చూశాను, దయచేసి వద్దు.

రెండోది పొడి. ఎండలో నిలిపిన బండి లోపలి వేడికి పొడి వాసన వారంలో పోతుంది. గింజలు గాలి చొరని డబ్బాలో పెట్టి, చేత్తో తిప్పే బర్ గ్రైండర్‌తో (గింజల్ని పళ్ల చక్రాల మధ్య నలిపేది) ఎప్పటికప్పుడు ఆడించుకోండి. బ్లేడు గ్రైండర్ రవ్వా దుమ్మూ కలిపి ఇస్తుంది. పైగా తెల్లారి ఆరింటికి దాన్ని నడిపితే పక్క బండివాళ్లు కూడా లేస్తారు.

కొత్తడ్రైవరు:
కొండల మీద కాఫీ పలచగా రావడానికి కూడా నీళ్లేనా కారణం?

పాతకెటిల్:
అది ఎత్తు. ప్రతి 300 మీటర్లకి మరిగే స్థానం సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. 3000 మీటర్ల దగ్గర నీళ్లు 90 డిగ్రీల్లోనే మరుగుతాయి. లేతగా వేయించిన గింజలకి ఆ వేడి చాలదు, పొడి కాస్త మెత్తగా ఆడించి, నాననిచ్చే సమయం పెంచండి. ఏరోప్రెస్ వాళ్లకి బాధ లేదు, దాని తయారీదారు చెప్పేదే 80, 85 డిగ్రీలు.

తొమ్మిదిబార్లు:
నీళ్ల సంగతి తెల్లవారుజాము గారు కరెక్టు. కానీ మంచి నీళ్లు మెషిన్‌కి కూడా పోయొచ్చుగా?

రోడ్డుమీదిల్లు:
అందరికీ థాంక్స్. నిన్న బండి ఇంటి ముందే పెట్టి పరీక్ష పెట్టాను. మూడు కప్పులు, అడుగున అంకెలు. ఒకటి ట్యాంకు నీళ్లతో మెషిన్‌ది. దాన్ని ఇంటి కరెంటు మీదే నడిపాను, బ్యాటరీ మీద ధైర్యం చాల్లేదు. రెండోది ట్యాంకు నీళ్లతో ఏరోప్రెస్ (అరువు తెచ్చాను). మూడోది ఫిల్టర్ నీళ్లతో ఏరోప్రెస్. మా ఆయన కళ్లకి గుడ్డ కట్టాను. మూడో కప్పుకి మొదటి స్థానం ఇచ్చి, మెషిన్ కప్పు తాగి "ఇది మన పాత ఇన్‌స్టంటేనా?" అన్నారు.

గుడ్డ విప్పాక ఊరుకుంటారా. ఫిల్టర్ నీళ్లతో మెషిన్ కప్పు ఎందుకు పెట్టలేదు, ఇది తొండి అన్నారు. నిజమే అనిపించి అదీ పెట్టాను. అదే గెలిచింది.

తొమ్మిదిబార్లు:
చెప్పానా లేదా?

రోడ్డుమీదిల్లు:
చెప్పారు. కానీ రెండో స్థానానికీ మొదటి స్థానానికీ మధ్య తేడా కొత్త బ్యాటరీ, ఇన్వర్టర్ అంత లేదని ఆయనే అన్నారు. రోజూ పొద్దున్న ఏరోప్రెస్, కరెంటు కనెక్షన్ ఉన్న రాత్రుల కోసం మెషిన్ అలమరలో. అదీ రాజీ.

వోల్టుమీటరు:
కనెక్షన్ ఉన్న చోట కూడా ఎన్ని ఆంపియర్లో అడగండి. కొన్ని క్యాంప్‌సైట్లలో 6 ఆంపియర్లే ఇస్తారు. 230 వోల్టుల మీద అది 1380 వాట్లు, మీ మెషిన్ ఒక్కటే దాన్ని దాటేస్తుంది.

పాతకెటిల్:
ఎస్ప్రెసో మీదే మనసుంటే చేత్తో పిడి నొక్కే లీవర్ రకం కూడా ఉంది. కెటిల్ నీళ్లు పోసి నొక్కితే 9 బార్లు వస్తాయి, కరెంటే అక్కర్లేదు. 18 గ్రాములు మెత్తగా చేత్తో ఆడించాలి మరి, ఆ పని మీ ఆయనకి అప్పగించండి. పాలకి పైకీ కిందకీ ఆడించే జల్లెడ గొట్టం చాలు. 60, 65 డిగ్రీల దగ్గర దించేయండి, దాటితే కాగిన పాల రుచి వస్తుంది.

తెల్లవారుజాము:
అంతా సరే గానీ, ఆ ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారు?

రోడ్డుమీదిల్లు:
కడిగే ఇస్తున్నానని పాత ఓనరు చెప్పాడు.

తెల్లవారుజాము:
బండి ఎప్పుడు కొన్నారు?

రోడ్డుమీదిల్లు:
రేపు పొద్దున్నే ట్యాంకు పని పెట్టుకున్నామండీ.