విశాఖలో త్రీనాట్‌త్రీతో గురి సాధన చేసే వీలుందా?

ప్రశ్న: శ్రీధర్, సీతమ్మధార

అందరికీ నమస్కారం. ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిలుతో కాల్చడం తప్ప నాకు ఈ విద్యతో వేరే పరిచయం లేదు. ఒహాయోలో ఉంటున్న మా అన్నయ్య మాత్రం సైన్యాలు పక్కన పెట్టిన పాత రైఫిళ్లకే ప్రత్యేకంగా జరిగే పోటీల్లో పాల్గొంటున్నాడు. 200 గజాల దూరం నుంచి, టెలిస్కోపు లేకుండా, పడుకుని నిదానంగా పది, పడుకునే వేగంగా పది, నిలబడి పది తూటాలు కాల్చాలట. తన రైఫిలు లీ ఎన్‌ఫీల్డ్, అంటే మన పోలీసుల చేతుల్లో ఎన్నో ఏళ్లు చూసిన త్రీనాట్‌త్రీయే. అలాంటిది మన ఊళ్లో చట్టబద్ధంగా సంపాదించి సాధన చేసే మార్గం ఉందా? ఇంకొక సందేహం: పాత సైనిక తూటాలు కాల్చిన రోజు నూనె గుడ్డతో తుడిచి పెట్టినా, మర్నాటికి బ్యారెల్ లోపల ఎర్రటి పొర కడుతోందని అన్నయ్య అంటున్నాడు. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: రావు, పెదవాల్తేరు

శ్రీధర్ గారూ, మొదటి ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే ఆశ పెట్టుకోకండి. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం .303 (అంటే త్రీనాట్‌త్రీ) లేదా 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటా పట్టి పేలే బోల్ట్ యాక్షన్ రైఫిళ్లన్నీ, అంటే వెనుక ఉండే బోల్టు అనే గడియను చేత్తో లాగి తోసి ఒక్కో తూటా ఎక్కించే రైఫిళ్లన్నీ, నియంత్రిత వర్గంలోకి వస్తాయి. వాటికి స్థానికంగా ఇచ్చే మామూలు లైసెన్సు చెల్లదు, కేంద్ర హోంశాఖ దాకా వెళ్లాలి. పని చేసే రైఫిలైతే అది ఎంత పాతదైనా తేడా ఉండదు, అందులో ఏ తూటా పడుతుందన్నదే చూస్తారు. సైన్యం వాడే తూటా జనం చేతికి అందకూడదన్న బ్రిటిషు కాలపు జాగ్రత్త ఇంకా అలాగే కొనసాగుతోంది. వేటగాళ్ల కోసం .315 తూటా వాడుకలోకి రావడానికీ అదే కారణం. ఇషాపూర్ కర్మాగారం వారి .315 స్పోర్టింగ్ రైఫిలు లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు మీదే తయారైంది కనుక, మీకు ఆ బోల్టు మీదే మోజు ఉంటే దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

జవాబు: అప్పారావు, గాజువాక (ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరయ్యాను)

మీ అన్నయ్య గారి రైఫిలులో లోపమేమీ లేదు, తప్పంతా తూటా అడుగున ఉండి మందును అంటించే ప్రైమర్‌ది. పాత సైనిక ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. అది మండాక మిగిలే పొటాషియం క్లోరైడ్ ఉప్పులాంటిదే, గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినేస్తుంది. నూనెలో ఉప్పు కరగదు కాబట్టి, నూనె గుడ్డ ఎంత తిప్పినా అది లోపలే ఉండిపోతుంది. దానికి వేడినీళ్లే మందు. బోల్టు తీసేసి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు నుంచి గరాటుతో మరిగిన నీళ్లు పోయాలి. బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే లోపలి తడి దానంతటదే ఆరిపోతుంది. తరువాత పుల్‌త్రూకు (బ్యారెల్‌లోంచి లాగే తాడుకు) పొడి చిండీ (గుడ్డ పీలిక) కట్టి, అది తెల్లగా బయటికి వచ్చేదాకా లాగి, ఆఖరున నూనె చిండీ ఒక్కసారి లాగితే చాలు. ఈ పని కాల్చిన రోజే జరగాలి. మన బీచ్‌రోడ్డు ఇళ్లలో కిటికీ చువ్వలు ఎంత త్వరగా తుప్పుపడతాయో తెలిసినవారికి ఆ తొందర ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

మరొక మాట. తీసిన బోల్టును వేరే రైఫిలు బోల్టుతో కలిపేయవద్దని చెప్పండి. బోల్టు మీదా రైఫిలు మీదా ఒకే నంబరు ఉండాలి. బోల్టు మారితే తూటా అడుగుకూ బోల్టు ముఖానికీ మధ్య ఉండవలసిన ఖాళీ మారిపోయి, పేలినప్పుడు తూటా ఇత్తడి తొడుగు చీలవచ్చు. ఈ రైఫిలులో ఆ ఖాళీ కొలతే ప్రాణం.

జవాబు: లక్ష్మి, ఎంవీపీ కాలనీ

రావు గారి సలహాతో నేను ఏకీభవించలేను. గురి కోసమే అయితే .315 కొనడం దండగ, తూటాల ఖర్చు ఎక్కువ, పైగా పెద్ద రైఫిళ్లకు తగిన రేంజ్ దొరకడం కష్టం. 4.5 మిల్లీమీటర్ల బోరుతో, శక్తి 20 జౌళ్లు దాటని ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అవసరం లేదు. అన్నయ్య గారి పోటీలో లక్ష్యం మధ్యనుండే నల్లచుక్క వ్యాసం 13 అంగుళాలు, పది పాయింట్ల వలయం 7 అంగుళాలు. ఆ లెక్కను 10 మీటర్లకు కుదిస్తే నల్లచుక్క 18 మిల్లీమీటర్లు, లోపలి వలయం పది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ అవుతుంది. ఆ కొలతలతో కాగితం మీద గీసుకుని, టెలిస్కోపు తీసేసి, రైఫిలు మీద గురి చూసే మామూలు సైట్లతో అదే వరుసలో ముప్పై కాల్చి చూడండి. ఎయిర్ రైఫిలు పోటీల్లో వాడే లక్ష్యపు కార్డు మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే కనుక, దానితో పోలిస్తే ఇది చాలా ఉదారమైన లక్ష్యం. అయినా నిలబడి కాల్చే చివరి పది మాత్రం ఎవరికైనా కష్టమే. వెనుక గోడ, ఇసుక మూటల సంగతి ముందు చూసుకోండి, డాబా మీద మాత్రం వద్దు.