ఫోన్‌కి ఏ కేస్ మంచిది?

నా చేతిలోంచి ఫోన్ జారడం మామూలే. మొన్న మెట్ల మీద పడి స్క్రీన్ మూల పగిలింది. అప్పుడున్నది పల్చటి గట్టి ప్లాస్టిక్ కేస్. పారదర్శకంగా ఉండేది కొందామంటే, అంతకుముందుది ఆరు నెలలకే పసుపెక్కింది. ఏది తీసుకోను?

జవాబు: ఆ పసుపెక్కినది టీపీయూ (మెత్తగా వంగే ప్లాస్టిక్) అయ్యుంటుంది. ఎండకీ వేడికీ రంగు మారుతుంది, కడిగినా పోదు. నలుపుది కొనండి, టెన్షన్ ఉండదు.

జవాబు: రంగు సరే, ముందు మూలలు చూడండి. అక్కడ మెత్తగా, మందంగా ఉండాలి. కేస్ అంచు స్క్రీన్ కంటే 1 మిల్లీమీటరైనా ఎత్తుంటే, బోర్లా పడినా అద్దం నేలకు తగలదు. గులకరాయి మీద పడితే మాత్రం ఏ అంచూ కాపాడదు. నాకు అనుభవమే!

జవాబు: వైర్‌లెస్ ఛార్జింగ్ వాడితే వెనక లోహపు ప్లేటున్నది వద్దండి.

అడిగినవారు: మూలలు మందంగా ఉన్న నలుపుదే ఆర్డర్ పెట్టా. మెట్లెక్కేటప్పుడు ఫోన్ జేబులోనే.