సియాటిల్‌లో బేస్‌బాల్ సీజన్ టికెట్లు: మా అబ్బాయిని కొనమనాలా, ఆగమనాలా?

సీతమ్మధార తండ్రి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే ఏప్రిల్‌లో నేను, మా ఆవిడ అక్కడికి వెళ్లి సెప్టెంబరు చివరి దాకా ఉండబోతున్నాం. బేస్‌బాల్ సీజన్ కూడా మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరితో ముగుస్తుంది కాబట్టి, సియాటిల్ మెరైనర్స్ జట్టు సొంత మైదానమైన టి-మొబైల్ పార్కులో పక్కపక్కనే రెండు సీట్లు సీజన్ మొత్తానికి తీసుకుంటానని, తండ్రీకొడుకులం కలిసి ఆటలు చూడవచ్చని వాడు పట్టుబడుతున్నాడు. 2005 ఏప్రిల్ 5న మన పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 పరుగులు చేసిన రోజున వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది నేనే. ఇప్పుడు నన్ను తీసుకువెళ్లడం తన వంతు అంటాడు.

వాడు చెప్పిన లెక్క ఇది. ఒక్కో జట్టు సీజన్‌లో 162 ఆటలు ఆడుతుంది, వాటిలో 81 సొంత మైదానంలో జరుగుతాయి. వాడు చూసిన సీట్లు ఆటకు సుమారు 40 డాలర్ల చొప్పున పడతాయట. అంటే రెండు సీట్లకు 6,480 డాలర్లు. డాలరుకు 85 రూపాయలే వేసుకున్నా అయిదున్నర లక్షలు అవుతుంది. వాయిదాల్లో కట్టుకోవచ్చని, వెళ్లలేని ఆటల టికెట్లను ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చని, విడిగా కొనేదానికంటే ఇదే చౌక అని వాడి వాదన. మధురవాడలో కొన్న ఫ్లాటుకు వాడు ఇంకా బ్యాంకు రుణం కడుతూనే ఉన్నాడు.

నాకు తెలిసిన సీజన్ టికెట్ రైలుది. అనకాపల్లిలో పనిచేసిన పదకొండేళ్లూ విశాఖ నుంచి నెలవారీ సీజన్ టికెట్ మీదే వెళ్లివచ్చాను. సెలవులు పోను రోజూ రైలెక్కక తప్పదు కాబట్టి అందులో నష్టమన్న మాటే లేదు. ఆటల సీజన్ టికెట్ కూడా అటువంటిదేనా, లేక పేరు మాత్రమే ఒకటా? అక్కడ కొన్నాళ్లు ఉండి వచ్చినవారు, పిల్లలు అక్కడ ఉన్నవారు తమ అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఎంవీపీ కాలనీ నుంచి

బాబాయ్ గారూ, నేను సియాటిల్ ప్రాంతంలో తొమ్మిదేళ్లు ఉండి తిరిగి వచ్చాను. అక్కడ రెండు సీజన్లకు పూర్తి టికెట్లు తీసుకున్నాను. మొదటి ఏడాది 81 ఆటల్లో నేను స్వయంగా వెళ్లి కూర్చున్నవి 29 మాత్రమే. మిగిలినవాటిలో కొన్ని స్నేహితులకు ఇచ్చాను, కొన్ని అమ్మాను, ఓ పది దాకా అడిగిన నాథుడు లేక వృథాగా పోయాయి. ఇష్టం లేక కాదు, కుదరక వెళ్లలేదు. సాయంత్రం 6.40కి మొదలయ్యే ఆటను రెడ్‌మండ్ నుంచి వచ్చి అందుకోవాలంటే అయిదింటికల్లా ఆఫీసు వదిలి, సరస్సు మీది వంతెన దాటి, పార్కింగ్ వెతుక్కోవాలి. పైగా ఆటలు వారానికి ఒకటి చొప్పున రావు. జట్టు ఊళ్లో ఉన్నప్పుడు వరసగా ఆరు, ఏడు, ఒక్కొక్కసారి తొమ్మిది ఆటలు వచ్చిపడతాయి, ఆ తరవాత వారం పది రోజులు మైదానం ఖాళీగా ఉంటుంది. ఉద్యోగం చేసుకునేవాడు వరసగా ఆరు సాయంత్రాలు వెళ్లడం ఎంత కష్టమో మీ అబ్బాయికి మొదటి నెలలోనే తెలిసివస్తుంది.

ఇక అమ్ముకోవడం. ప్రతి ఆటకూ గిరాకీ ఒకేలా ఉండదు. 2023 నుంచి ప్రతి జట్టూ మిగిలిన 29 జట్లతోనూ ఆడుతోంది కాబట్టి పెద్ద పేరున్న జట్లు, జనం అంతగా పట్టించుకోని జట్లు కలగలిసి వస్తాయి. కెనడా సరిహద్దు దగ్గరే కనుక టొరంటో జట్టు వచ్చిందంటే వాంకూవర్ వైపు నుంచి జనం పోటెత్తుతారు. న్యూయార్క్ యాంకీస్ వచ్చినా, బాణసంచా కాల్చే రాత్రి అయినా, ఆటగాళ్ల బొమ్మలు పంచిపెట్టే శనివారం అయినా ధర లేస్తుంది. ఏప్రిల్‌లో చలిగా ఉండే ఒక మంగళవారం రాత్రి మాత్రం అటువంటి సీట్లే వందల కొద్దీ అమ్మకానికి కనబడతాయి, అందరూ ఒకరిని చూసి ఒకరు ధర తగ్గించుకుంటూ పోతారు, చివరికి వచ్చినదాంట్లో అమ్మిపెట్టిన సంస్థ తన రుసుము కోసుకుంటుంది. ఇలా ఆటను బట్టి ధర మార్చే పద్ధతిని శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ 2009లో కొన్ని సీట్లతో మొదలుపెట్టి 2010లో మైదానమంతటికీ విస్తరించింది. ఆటకు 40 డాలర్లన్న సగటు, ఆ తరవాతి కాలంలో, కాగితం మీది అంకె మాత్రమే.

మీరు లెక్కవేసుకోవడానికి ఒక మార్గం చెబుతాను. ఆరు నెలల్లో మీరిద్దరూ 25 ఆటలకు తప్పకుండా వెళతారని అనుకుందాం. వాటిని విడిగా, కాస్త ఎక్కువ పెట్టి సీటు 55 డాలర్ల చొప్పున కొన్నా 2,750 డాలర్లు అవుతుంది. పూర్తి సీజన్‌కూ దానికీ తేడా 3,730 డాలర్లు. ఆ తేడా రావాలంటే మిగిలిన 56 ఆటల టికెట్లు 112 అమ్మాలి, రుసుము పోను ఒక్కొక్కదానికి 33 డాలర్లకు పైగా చేతికి రావాలి, ఒక్కటి కూడా మిగలకూడదు. నా రెండేళ్ల అనుభవంలో అది జరగలేదు. సుమారు 20 ఆటలకో, 40 ఆటలకో తీసుకునే చిన్న ప్యాకేజీలు క్లబ్బులే ఇస్తాయి. అబ్బాయిని వాటివైపు చూడమనండి.

పూర్తి టికెట్‌కు నిజమైన విలువ ఒకచోట ఉంది. జట్టు, సీజన్ ముగిశాక మేటి జట్ల మధ్య జరిగే అక్టోబరు పోటీలకు చేరితే ఆ టికెట్లు కొనే అవకాశం ముందుగా పూర్తి సీజన్ వారికి వస్తుంది. మెరైనర్స్ 2001లో 116 ఆటలు గెలిచిన తరవాత మళ్లీ ఆ దశకు చేరింది 2022లోనే, కనుక ఇరవై ఏళ్లకు పైగా ఆ హక్కుకు ఆ ఊళ్లో విలువే లేదు. 2025లో అమెరికన్ లీగ్ (బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో మెరైనర్స్ ఉన్నది) చివరి పోరులో ఏడో ఆట దాకా వెళ్లి టొరంటో చేతిలో ఓడిపోయారు. అటువంటి ఏడాదిలో ఆ హక్కు బంగారమే. అయితే మీరు సెప్టెంబరుతో తిరిగివస్తున్నారు కదా, అక్టోబరు మీకు అందదు.

గాజువాక నుంచి

పై మిత్రుడు చెప్పినదానితో ఏకీభవిస్తూ ఒక్క విషయం చేర్చుతాను. మా అల్లుడు గారు శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటారు. అక్కడ నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి రెండు పూర్తి సీజన్ సీట్లు తీసుకుంటాయి. ఇంటికి 20 ఆటలు పోను మిగిలే ఒక్క ఆటకు చీటీ తీస్తారు. ఎంపిక కూడా న్యాయంగా ఉంటుంది: మొదటి విడతలో ఒకటి నుంచి నాలుగు వరకు వరసగా ఎంచుకుంటే, రెండో విడత నాలుగోవారితో మొదలై వెనక్కి వస్తుంది. మంచి ఆటలన్నీ ఒక్కరికే పోవు, చలి రాత్రులన్నీ ఒక్కరి నెత్తిన పడవు.

కానీ ఒక ఏడాది ఇబ్బంది పడ్డారు. ఒక కుటుంబం జూన్‌లో బదిలీ మీద వేరే రాష్ట్రానికి వెళ్లిపోయింది, వారి వాటా మిగిలిన ముగ్గురి మీద పడింది. స్నేహితుల మధ్య డబ్బు గురించి అడగడం ఎంత ఇరకాటమో మనందరికీ తెలుసు. అప్పటి నుంచి సీజన్ మొదలు కాకముందే నలుగురి సొమ్మూ వసూలు చేస్తున్నారు. క్లబ్బు ఖాతా ఒక్కరి పేరు మీదే ఉంటుంది కనుక, అక్టోబరు టికెట్లు వస్తే ఎలా పంచుకోవాలో, వచ్చే ఏడాది వద్దనుకుంటే ఎవరు తెలియజేయాలో కూడా ముందే రాసుకున్నారు. చాలా క్లబ్బుల్లో, గడువులోగా వద్దని చెప్పకపోతే మరుసటి ఏడాదికి తనంతట తానే కొనసాగి, కార్డు నుంచి డబ్బు పోతుంది. అమ్ముకోవడానికే కొన్నట్టు కనబడితే టికెట్లు రద్దు చేసే హక్కు కూడా క్లబ్బులు నిబంధనల్లో ఉంచుకుంటాయి. మీ అబ్బాయి చేత ఆ నిబంధనలు పూర్తిగా చదివించండి.

లాసన్స్ బే కాలనీ నుంచి, విశ్రాంత ఉపాధ్యాయిని

అన్నయ్య గారూ, మీ ప్రశ్నలో నన్ను పట్టుకున్నది డబ్బు కాదు. రెండు సీట్లు అన్నారు. ఇంట్లో ఉండేది ముగ్గురు. వారానికి మూడు నాలుగు సాయంత్రాలు మీరిద్దరూ మైదానానికి వెళ్లిపోతే, తెలియని ఊళ్లో వదిన గారు ఒక్కరే అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ కూర్చోవాలి. మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు అటువంటి సాయంత్రాలు నేను గడిపాను కాబట్టి చెబుతున్నాను. ఆమెకు ఆట మీద ఆసక్తి లేదని మీ అబ్బాయి అనుకుని ఉండవచ్చు, కానీ ఆమెను ఎవరైనా అడిగారా?

నేనూ ఆసక్తి లేకుండానే మొదటిసారి టి-మొబైల్ పార్కుకు వెళ్లాను. రెండో ఆటకు అర్థమైంది, నాలుగో ఆటకు ఎదురుచూశాను. 2023లో బంతి విసిరేవారికి ఇన్ని సెకన్లలోపు విసరాలని గడియారం పెట్టినప్పటి నుంచి ఆట రెండున్నర, మూడు గంటల్లో ముగిసిపోతోంది, వన్డే క్రికెట్‌లా రోజంతా పట్టదు. అక్కడ బయటి ఆహారం లోపలికి రానిస్తారు కనుక నేను పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్లేదాన్ని. మా పక్క వరసలో ఎన్నో ఏళ్లుగా అవే సీట్లలో కూర్చుంటున్న ఒక వృద్ధ దంపతులు స్కోరు పుస్తకంలో ఎలా రాయాలో ఓపికగా నేర్పారు. సీజన్ టికెట్ విలువలో డాలర్లలోకి రాని భాగం అదేనని నా నమ్మకం: అదే సీటు, అవే ముఖాలు, మనం ఒక వారం రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవారు. కానీ అందుకు 81 ఆటలు అక్కరలేదు, నెలకు మూడు నాలుగు చాలు.

ఇంకొక మాట. అక్కడ వానకు పైకప్పు మూస్తారు, కాబట్టి ఆట ఆగదు. అయితే పక్కలు తెరిచే ఉంటాయి. ఏప్రిల్, మే రాత్రుల్లో వచ్చే గాలి మన విశాఖవాళ్ల ఎముకలకు పడదు. మీరు తీసుకునే ఆటలు జూన్ తరవాతే ఎక్కువగా ఉండేటట్టు చూసుకోండి. సీట్లు కూడా నడవ పక్కవి, మెట్లు తక్కువ ఎక్కవలసినవి అడగమనండి. మన వయసుకు మోకాళ్లు ముఖ్యం.

సీతమ్మధార తండ్రి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చెల్లెమ్మ గారి మాట చదివి మా ఆవిడను అడిగాను. తనను ఎవరూ పిలవలేదు కాబట్టి తానేమీ అనలేదని, మైదానం చూడాలని తనకూ ఉందని చెప్పింది. సిగ్గుపడ్డాను. రాత్రి అబ్బాయితో ఫోనులో మాట్లాడి 112 టికెట్ల లెక్క చెప్పాను, వాడు కాసేపు ఏమీ అనలేదు. చివరికి పూర్తి సీజన్ ఆలోచన మానుకుని, సుమారు 20 ఆటల ప్యాకేజీ మూడు సీట్లకు చూడమన్నాను. ఆటకు అదే 40 డాలర్లు పడినా 2,400 డాలర్లతో సరిపోతుంది, అమ్ముకోవలసిన బాధ ఉండదు.

ఎంవీపీ కాలనీ మిత్రుణ్ణి ఒక్కటి అడగాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం ఆటలు చూడాలంటే, ఎండ త్వరగా తప్పుకునేది మైదానంలో ఏ వైపు సీట్లకు?

ఎంవీపీ కాలనీ నుంచి

మూడో బేస్ వైపు, అంటే బ్యాటు పట్టినవాడు నిలబడే చోటు నుంచి మైదానంలోకి చూస్తే ఎడమవైపు, తీసుకోండి బాబాయ్ గారూ. పడమటి ఎండ వెనక నుంచి వస్తుంది కాబట్టి నీడ ముందుగా అటువైపు చేరుతుంది. మొదటి బేస్ దాటాక కుడివైపు చివరి సీట్లలో సాయంత్రం దాకా ఎండ కళ్లలోకి కొడుతుంది, పిన్ని గారికి ఇబ్బంది అవుతుంది. మూడు సీట్లు ఒకే వరసలో కావాలంటే జనవరి లోపలే క్లబ్బుకు ఫోను చేయించండి, మంచి వరసలు ముందే అయిపోతాయి.