ఉమ్మడి మాస్టర్స్‌లో రిమోట్ ల్యాబ్: కాలమ్ పక్కన నిలబడకుండా ప్రాసెస్ ఇంజనీరింగ్ వస్తుందా?

మూడోసెమిస్టర్:
రెండు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే ప్రాసెస్ ఇంజనీరింగ్ మాస్టర్స్‌లో సీటు వచ్చింది. మొదటి ఏడాది ఒకచోట, రెండో ఏడాది ఇంకోచోట, చివర్లో ఇద్దరి సంతకాలతో ఒకే పట్టా. అంతా బాగానే ఉంది గానీ పైలట్ ప్లాంట్ (ఫ్యాక్టరీకి చిన్న నమూనా) ల్యాబ్ అని 6 క్రెడిట్ల కోర్సు ఒకటుంది. అది మొదటి ఏడాదిలోనే. అంటే నేనొక దేశంలో కూర్చుని, ఇంకో దేశంలో ఉన్న డిస్టిలేషన్ కాలమ్‌ను (ద్రవాల మిశ్రమాన్ని మరిగించి విడదీసే నిలువు గొట్టాన్ని) ఇంటర్నెట్‌లో నడపాలి. దీన్ని ల్యాబ్ అనొచ్చా? చదివినవాళ్ళు, పాఠం చెప్పినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

వాల్వ్‌మాస్టారు:
అనకూడదు.

బాబూ, ఇరవై ఆరేళ్ళుగా పైలట్ ప్లాంట్ నడుపుతున్నాను. ప్యాక్డ్ కాలమ్‌లో, అంటే లోపల ప్యాకింగ్ ముక్కలు నింపిన కాలమ్‌లో, ఫ్లడింగ్ సంగతే తీసుకో. ఆవిరి పెంచుతూ పోతే ప్రెషర్ డ్రాప్ (కాలమ్ కిందా పైనా ఉండే పీడనాల తేడా) మొదట నెమ్మదిగా పెరుగుతుంది, ఒక హద్దు దాటాక ఎగబాకుతుంది. ఇది గ్రాఫ్‌లో ఎవరైనా చూస్తారు. గాజు కాలమ్ పక్కన ఉన్నవాడికి ద్రవం కిందికి జారడం మానేసి ప్యాకింగ్ మీద నిలబడిపోవడం కంటికి కనిపిస్తుంది. వాడి చెయ్యి స్టీమ్ వాల్వ్ మీదికి దానంతటదే పోతుంది. నేర్చుకోవాల్సింది ఆ చెయ్యి పోవడమే.

ఇంకొకటి. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌కు పోయే సన్నటి లైన్‌లో ద్రవం చేరితే తెర మీద అంకె హాయిగా అబద్ధం చెబుతుంది. దూరాన ఉన్నవాడు ఆ అబద్ధాన్నే రిపోర్టులో రాస్తాడు. 1916లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రాక్టీస్ స్కూల్ పెట్టి విద్యార్థులను నేరుగా ఫ్యాక్టరీలకు పంపింది ఊరికే కాదు.

గాస్కెట్:
మా కాలేజీ ల్యాబ్‌లో కాలమ్ పక్కనే కూర్చున్నాం. పంప్ ముట్టుకోనివ్వలేదు. రిమోటే నయం.

రిఫ్లక్స్‌రేషియో:
ఇలాంటి ఉమ్మడి ప్రోగ్రాం ఒకదానికి ఆరేళ్ళుగా కోఆర్డినేటర్‌ని, కాబట్టి నా పక్షపాతం ముందే ఒప్పుకుంటున్నాను.

స్ప్రే డ్రైయర్, క్రిస్టలైజర్, ఎక్స్‌ట్రాక్షన్ కాలమ్, మెంబ్రేన్ యూనిట్ ఇవన్నీ ఒకే యూనివర్సిటీ కొని, మనుషులను పెట్టి, ఏటా నడపలేదు. ఒకరి దగ్గర డ్రైయర్ ఉంటుంది, ఇంకొకరి దగ్గర కాలమ్ ఉంటుంది. కలిసి పనిచేయడానికి అసలు కారణమే అది. రిమోట్ ల్యాబ్ నిన్న పుట్టిందీ కాదు. 2000లో మొదలైన కేంబ్రిడ్జ్-ఎంఐటీ ఇన్‌స్టిట్యూట్ (ఆ రెండు యూనివర్సిటీల ఉమ్మడి సంస్థ) తొలి ఏళ్ళలోనే ఎంఐటీలో ఉన్న హీట్ ఎక్స్ఛేంజర్‌ను కేంబ్రిడ్జ్ విద్యార్థులు సముద్రం అవతలి నుంచి నడిపారు.

పైగా డిస్టిలేషన్ కాలమ్ స్టెడీ స్టేట్‌కు, అంటే అంకెలన్నీ నిలకడపడే స్థితికి, రావడానికి గంటలు పడుతుంది. మామూలు ల్యాబ్ పీరియడ్‌లో సగం విద్యార్థులు రీబాయిలర్ (కాలమ్ అడుగున ద్రవాన్ని మరిగించే భాగం) వేడెక్కడం చూసి ఇంటికెళ్ళిపోతారు. రిమోట్‌లో రాత్రి పదింటికి కూడా లాగిన్ అయి రిఫ్లక్స్ (పైన చల్లార్చి మళ్ళీ కాలమ్‌లోకి పంపే ద్రవం) మార్చి చూడొచ్చు. మాస్టారు చెప్పిన అబద్ధపు అంకె సంగతంటారా, మేం కావాలనే ఒక సెన్సర్‌ను తప్పుగా పెట్టి, మాస్ బ్యాలెన్స్‌తో (లోపలికి వెళ్ళిందీ బయటికి వచ్చిందీ సరిచూసే లెక్కతో) పట్టుకోమంటాం. ఇప్పటి ప్లాంట్లలో ఆపరేటర్ కూర్చునేది కంట్రోల్ రూంలోనే కదా.

వాల్వ్‌మాస్టారు:
అయ్యా, ఆ ఎక్స్ఛేంజర్‌లో తిరిగేది నీళ్ళు. దాన్ని తెచ్చి డిస్టిలేషన్‌కు రుజువుగా పెడితే ఎలా? కంట్రోల్ రూం ఆపరేటర్ కూడా ముందు కొన్నేళ్ళు ఫీల్డ్‌లో తిరిగే అక్కడ కూర్చుంటాడు.

సరే, లెక్కకు రండి. 6 క్రెడిట్లు అంటే ఎన్ని గంటలు?

రిఫ్లక్స్‌రేషియో:
అయ్యా కాదు, అమ్మా.

యూరప్ యూనివర్సిటీల క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్ లెక్కలో ఏడాదికి 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. 6 క్రెడిట్లంటే 150 నుంచి 180 గంటలు.

వాల్వ్‌మాస్టారు:
పొరపాటైంది అమ్మా, మన్నించండి. ఆ 150 గంటల్లో కాలమ్ నడిచేది ఎన్ని?

రిఫ్లక్స్‌రేషియో:
సుమారు 24. మిగతాది సిమ్యులేషన్, డేటా విశ్లేషణ, రిపోర్టు, చదువుకోవడం. ఈసీటీఎస్ కొలిచేది విద్యార్థి మొత్తం శ్రమను, ల్యాబ్‌లో నిలబడ్డ గంటలను కాదు.

వాల్వ్‌మాస్టారు:
24! చూశారా అందరూ. ఇరవై నాలుగు.

గాస్కెట్:
మాకు మొత్తం డిగ్రీలో అంత రాలేదు మాస్టారూ.

కొత్తపంప్:
ఇంత గొడవెందుకు? రెండు దేశాలూ వాషింగ్టన్ అకార్డ్‌లో ఉంటే ఈ మాస్టర్స్ పట్టా ఎక్కడైనా చెల్లుతుంది.

శాంపిల్‌పోర్ట్:
చెల్లదు. 1989 నాటి ఆ ఒప్పందం బ్యాచిలర్స్ స్థాయి ఇంజనీరింగ్ డిగ్రీల అక్రెడిటేషన్‌కు (కోర్సుకిచ్చే నాణ్యత గుర్తింపుకు) సంబంధించింది. ఒక దేశపు అక్రెడిటేషన్ పద్ధతిని ఇంకో దేశం తనదానితో సమానంగా ఒప్పుకుంటుంది, అంతే. ఇలాంటి మాస్టర్స్ సాధారణంగా దాని పరిధిలోకి రాదు. ఇంజనీరుగా లైసెన్సు కూడా దానంతట అది చేతికి రాదు.

పరికరాలు పంచుకోవడం అన్నారు కాబట్టి నా గోడు కూడా వినండి. ఉమ్మడి ప్రాజెక్టులో నికెల్ మిశ్రలోహంతో చేసిన 120 లీటర్ల రియాక్టర్ అవతలి దేశానికి పంపాలనుకున్నాం. రసాయన ఆయుధాల భయంతో 1985లో ఏర్పడ్డ ఆస్ట్రేలియా గ్రూప్ అనే దేశాల కూటమి జాబితాలో, తుప్పు పట్టని అలాంటి లోహాలతో చేసిన రియాక్టర్ 100 లీటర్లు దాటితే (20,000 లోపు) ఎగుమతికి అనుమతి కావాలి. ఆ కాగితాల కోసం ఎదురుచూసి చూసి, చివరికి 80 లీటర్లకు డిజైన్ మార్చాం. స్టరర్ మార్చాం, వేడి లెక్కలన్నీ మళ్ళీ వేశాం. పేపర్‌లో మాత్రం '80 లీటర్లు ఎంచుకున్నాం' అని రాశాం, ఏదో సైన్స్ కారణం ఉన్నట్టు.

మూడోసెమిస్టర్:
ఇది ఆసక్తిగానే ఉంది సార్, కానీ నా ప్రశ్న...

రిఫ్లక్స్‌రేషియో:
మాస్టారూ, 24 అన్న అంకెను పట్టుకుని వేలాడుతున్నారు. నాకు విసుగొస్తోంది. చేత్తో తిప్పితేనే విద్య అనే మాట ప్రతి సమావేశంలోనూ వింటాను. అనేవాళ్ళకు కొత్త కోర్సు రాసే ఓపిక ఉండదు, అవతలి యూనివర్సిటీ మెయిల్‌కు జవాబిచ్చే తీరిక ఉండదు. తమ కాలమ్ చుట్టూ గోడ కట్టుకుని, ఆ గోడకు నాణ్యత అని పేరు పెడతారు.

వాల్వ్‌మాస్టారు:
గోడా? వినండి మరి.

మాదీ రెండు దేశాల ప్రాజెక్టే. కాలమ్ మా దగ్గర, దాన్ని కంప్యూటర్‌లో లెక్కలతో చూపే మోడల్ వాళ్ళ దగ్గర. పద్నాలుగు నెలలు నేనూ ఇద్దరు టెక్నీషియన్లూ రాత్రిళ్ళు కూర్చుని నడిపాం. ఎందుకు రాత్రిళ్ళంటే, వాళ్ళకు పగలయ్యేది అప్పుడు. వాళ్ళ విద్యార్థి 'రిఫ్లక్స్ కొంచెం పెంచండి' అని మెసేజ్ పెడతాడు, మేం పెంచుతాం. పేపర్ వచ్చింది. వాళ్ళ పేర్లు పైన, నా పేరు నాలుగోది, టెక్నీషియన్లకు చివర్లో ఒక వాక్యంలో కృతజ్ఞతలు, అదీ పేర్లు లేకుండా. ఫ్లడింగ్‌తో చెడిపోయిన రన్స్ పదకొండు ఉంటే ఒక్కటీ పేపర్‌లో లేదు. మోడల్ ఫైల్ అడిగితే సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒప్పుకోదన్నారు. ప్రాజెక్టు అయిపోయింది. మాకు మిగిలింది అరిగిపోయిన పంప్ సీల్స్.

మీ 24 గంటల్లో మీ విద్యార్థి తెర ముందు ఉంటాడు. ఆ 24 గంటలూ కాలమ్ పక్కన ఎవరుంటారు? మండే ద్రవం ఉన్న కాలమ్‌ను మనిషి లేకుండా వదలరు కదా. ఆ మనిషి గంటలు ఏ క్రెడిట్ లెక్కలో ఉన్నాయి?

గాస్కెట్:
అమ్మో.

శాంపిల్‌పోర్ట్:
మూడు రోజులుగా ల్యాబ్ గంటలు లెక్కపెడుతున్నాం. మాస్టారు గొడవ వేరే.

రిఫ్లక్స్‌రేషియో:
నిన్న జవాబు రాసి తీసేశాను. మళ్ళీ రాస్తున్నాను.

కాలమ్ పక్కన ఒక ల్యాబ్ ఇంజనీరు ఉంటారు. మా ఒప్పందం నలభై పేజీలు. ఫీజులు ఎవరికెంత, పరీక్ష తప్పితే ఏ దేశపు నియమం, పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్లుంటే థీసిస్ డిఫెన్స్ ఎక్కడ, అన్నీ ఉన్నాయి. ఆయన గంటల గురించి ఒక్క వాక్యం లేదు. మీరు అడిగాకే వెతికి చూశాను.

కానీ ఒక్కటి ఒప్పుకోను. మీకు జరిగింది రిమోట్ పద్ధతి వల్ల కాదు, ఒప్పందం సరిగా రాయకపోవడం వల్ల. మోడల్ పంచుకోవడానికి దారులున్నాయి. ఒక సిమ్యులేటర్‌లో రాసిన యూనిట్ మోడల్ ఇంకోదాంట్లో పనిచేయాలనే 1997లో యూరప్‌లో కేప్-ఓపెన్ అనే ఉమ్మడి ప్రమాణం పని మొదలైంది. డీడబ్ల్యూసిమ్ లాంటి ఉచిత సిమ్యులేటర్‌లో చేసి ఉంటే లైసెన్సు సాకు ఉండేదే కాదు.

వాల్వ్‌మాస్టారు:
ఒప్పందం రాసే గదిలో మమ్మల్ని కూర్చోబెడితే కదా అమ్మా, కేప్-ఓపెన్ అని నోరు తెరిచి అడగడానికి. కాలమ్ ఉన్నవాళ్ళను మీటింగ్‌కు పిలవరు, టెస్ట్ రన్‌కు పిలుస్తారు.

రిమోట్ ల్యాబ్ మీద నా మాట మాత్రం అదే. 24 తక్కువ.

రిఫ్లక్స్‌రేషియో:
24 సరిపోతుంది. ఒప్పందం వచ్చే ఏడాది తిరగరాస్తున్నాం. ల్యాబ్ ఇంజనీరును ఆ కమిటీలో వేయమని అడుగుతాను. వేస్తారన్న నమ్మకం లేదు.

మూడోసెమిస్టర్:
మరి నేను చేరాలా, వద్దా?

వాల్వ్‌మాస్టారు:
చేరు బాబూ. చేరేముందు వాళ్ళకో మెయిల్ పెట్టు. నేను లాగిన్ అయినప్పుడు కాలమ్ దగ్గర ఎవరుంటారు, ఆయనతో మాట్లాడొచ్చా అని. రెండో ఏడాది అక్కడికి వెళ్ళాక ఆ కాలమ్‌నే చేత్తో ఒక్కసారి స్టార్టప్ నుంచి షట్‌డౌన్ దాకా నడపనిస్తారా అని కూడా అడుగు.

రిఫ్లక్స్‌రేషియో:
రెండో ప్రశ్న మంచిది. మా ప్రోగ్రాంలో అది లేదు, పెట్టాలి.

మూడోసెమిస్టర్:
జవాబు వచ్చింది. రెండో ఏడాదిలో నడపొచ్చట, సేఫ్టీ ట్రైనింగ్ అయ్యాక. కాలమ్ దగ్గర ఎవరుంటారన్న దానికి 'మా ల్యాబ్ సిబ్బంది' అని రాశారు.

వాల్వ్‌మాస్టారు:
పేరు అడుగు.