ఫైల్ ఎక్కించి రేకు ఆర్డరివ్వడమా, డ్రాయింగ్ పట్టుకుని బాలానగర్ పోవడమా?

సోల్డర్‌పొగ:
ఒళ్లు మండి రాస్తున్నా. బజార్లో కొన్న రెడీమేడ్ బాక్సులోకి దూరే ట్రేలు పది కావలసి వచ్చాయి. 2 మి.మీ. సిఆర్ షీటు (కోల్డ్ రోల్డ్ స్టీలు రేకు), యూ ఆకారం, రెండే రెండు వంపులు, వెడల్పు 150, పక్క గోడల ఎత్తు 40. బాక్సు లోపల 150.5 ఉంది కాబట్టి అర మిల్లీమీటరు సందు చాలనుకున్నాను. క్యాడ్‌లో (కంప్యూటర్ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో) గీసి, విప్పిన రేకును, అంటే వంచకముందు చదునుగా ఉండే ఆకారాన్ని, డీఎక్స్‌ఎఫ్‌గా (గీతల ఫైలుగా) తీసి, రాత్రి పదకొండింటికి ఒక ఆన్‌లైన్ కంపెనీ సైట్లో ఎక్కించాను. నిమిషంలో రేటు చెప్పింది, డబ్బు కట్టేశాను, పదో రోజుకి పార్సిల్ వచ్చింది. ఒక్క ట్రే కూడా దూరలేదు! వెర్నియర్ పెడితే గోడ ఎత్తు సరిగ్గా 40 ఉంది, వెడల్పు మాత్రం 150.9కి దగ్గరగా ఉంది. అడిగితే "మీ ఫైల్లో ఉన్నట్టే కోశాం సార్" అన్నారు. అదే హైదరాబాద్ బాలానగర్‌లో ఏ రేకు షాపుకో ఇచ్చి ఉంటే మేస్త్రీ ముందు "ఇది దేంట్లో కూర్చోవాలి?" అని అడిగేవాడు. ఇంకెప్పుడూ ఫైల్ ఎక్కించి ఆర్డరివ్వను. తప్పు నాదంటారా, వాళ్లదంటారా?

రేకుబాబు:
విజయవాడ ఆటోనగర్‌లో మాది లేజర్, బెండింగ్ షాపు. తప్పు మీదే అన్నా, ఏమీ అనుకోవద్దు. మీ క్యాడ్‌లో వంపు లోపలి రేడియస్ ఎంత పెట్టారు? 1 అని వదిలేసి ఉంటారు, చాలామంది వదిలేస్తారు. వాళ్ల డైలో (రేకును నొక్కి వంచే, వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మలో) వచ్చింది 2 అయి ఉంటుంది. కె ఫ్యాక్టర్ (వంపులో సాగకుండా, నలగకుండా ఉండే పొర రేకు మందంలో ఎక్కడుందో చెప్పే అంకె) 0.44 వేసుకుని లెక్క కట్టండి: రేడియస్ 1 అయితే బయటి కొలతల మొత్తంలోంచి ఒక్కో వంపుకి 3.05 తగ్గించాలి, 2 అయితే 3.48 తగ్గించాలి. తేడా 0.43, రెండు వంపులకి 0.86. ఆపరేటర్ గోడ ఎత్తు పట్టుకుని వంచాడు కాబట్టి మిగిలిందంతా అడుగు వెడల్పులోకి పోయింది. మీ 150.9 అదే.

విప్పిన రేకు మీరే ఇస్తే ఆ లెక్క మీదే. మాకు స్టెప్ ఫైల్ (వంచిన ఆకారాన్నే చూపే త్రీడీ ఫైల్) ఇస్తే మా డైకి తగ్గట్టు మేమే విప్పుకుంటాం, అప్పుడు తేడా వస్తే మాది.

టెక్సస్‌తమ్ముడు:
+1. ఇక్కడ డాలస్‌లో గరాజ్‌లో కూర్చుని నాలుగేళ్లుగా ఇలాగే తెప్పించుకుంటున్నా. నేను వాడే సైట్లో ఒక్కో మందానికి రేడియస్ ఎంత, కె ఫ్యాక్టర్ ఎంత అని పట్టిక ఉంటుంది. ఆ అంకెలు క్యాడ్‌లో వేశాకే విప్పాలి. అది చదవకుండా సైట్‌ని తిడితే ఎలా బ్రో? ఒక్క బ్రాకెట్ కావాలంటే ఏ షాపువాడు మొహం చూస్తాడు? సైట్‌కి ఒకటైనా వందైనా ఒకటే మర్యాద.

నాకూ ఒకసారి బుర్ర తిరిగింది, దాచను. డీఎక్స్‌ఎఫ్‌లో కొలత మిల్లీమీటర్లా అంగుళాలా అన్నది రాసి లేకపోతే ఇంపోర్ట్ చేసే సాఫ్ట్‌వేర్ తనకు తోచింది అనుకుంటుంది. నా 100 మి.మీ. పట్టీని 100 అంగుళాలుగా చదివి ఎనిమిదడుగుల పట్టీకి రేటు చెప్పింది. రేటు చూసి గుండె ఆగినంత పనై కొలతలు చూసుకున్నా. అదే 25.4 రెట్లు తగ్గి ఉంటే చవకే కదా అని సంబరంగా కట్టేసేవాణ్ణేమో.

సోల్డర్‌పొగ:
అదే నేనూ అంటున్నది! ఎనిమిదడుగుల పట్టీ అడిగితే "ఇది నిజమేనా బాబూ" అని అడిగేవాడు అక్కడ లేడు. పట్టిక ఉంది, కాదనను, ఇప్పుడు వెతికితే దొరికింది, సహాయం పేజీలో ఎక్కడో అడుగున. ఇంకోటి, వంపు గీతకి 5 మి.మీ. దూరంలో రెండు స్క్రూ రంధ్రాలు పెట్టాను. రెండూ సాగి కోడిగుడ్లయ్యాయి. సైట్ ఒక్క ముక్క చెప్పలేదు.

రేకుబాబు:
2 మి.మీ. రేకుకి మేం 16 మి.మీ. వెడల్పు వీ డై వాడతాం. గీతకి అటూ ఇటూ ఎనిమిదేసి మి.మీ. ఆ గాడి మీదే ఉంటుంది, దాని లోపల రంధ్రం పడితే కోడిగుడ్డే. ఇక్కడ మాత్రం మీతో ఏకీభవిస్తా, వాళ్లు చెప్పి ఉండాల్సింది. మేమైతే ఫోన్ చేసేవాళ్లం. (సీజన్లో చేయమేమో, అది వేరే సంగతి.)

పాతడ్రాఫ్ట్స్‌మన్:
బాబూ, నేను డ్రాయింగ్ బోర్డు మీద టీ స్క్వేర్‌తో గీసినవాణ్ణి. 1982లో ఆటోక్యాడ్‌తో పాటు వచ్చిన డీఎక్స్‌ఎఫ్‌ని ఇప్పటికీ మోస్తున్నారు. అందులో ఉన్నది గీతలే. రేకు మందం, వంపు ఎటు, ఏ కొలత ముఖ్యం, ఇవేవీ ఆ గీతల్లో కనబడవు. మేం డ్రాయింగ్ మీద "ఈ కొలత తప్పకూడదు" అని రాసేవాళ్లం. నువ్వు ఆ 150 గురించి ఎక్కడైనా ఒక ముక్క రాశావా?

అట్లాగని షాపులన్నీ దేవాలయాలు కావు. రేకు మందాన్ని నోటిమాటగా "16 గేజు" అంటారు. మామూలు స్టీలు పట్టికలో అది 1.52 మి.మీ., జీఐ (జింకు పూత రేకు) అయితే 1.61, అల్యూమినియం అయితే 1.29. సైట్లో మి.మీ.లోనే ఎంచుకోవాలి, అది నాకు నచ్చింది.

గేజుగోపి:
తాతగారు సున్నితంగా చెప్పారు, నేను మొహం మీదే చెప్తా. ఒక షాపులో 1.5 అని బిల్లు వేసి 1.2 అంటగట్టారు. పౌడర్ కోటింగ్ (పొడి రంగు పూత) అయ్యాక చూశా, ఇంకేం అడుగుతాం. మేస్త్రీ అడుగుతాడు, మేస్త్రీ అడుగుతాడు అని పాట పాడుతున్నారే, నా మేస్త్రీ ఏమీ అడగలేదు, నాలుగు సార్లు "రేపు రండి సార్" అన్నాడు అంతే.

టెక్సస్‌తమ్ముడు:
😂 "రేపు రండి" మాత్రం ఏ ఫైల్ ఫార్మాట్‌లోనూ రాదు.

రేకుబాబు:
నవ్వుకోండి. రేకు తీసుకునేటప్పుడే వెర్నియర్ పెట్టి చూడాలి, కోటింగ్ అయ్యాక కాదు. ఆ కోటింగ్ కూడా ఒక్కో వైపు 60 నుంచి 80 మైక్రాన్లు పేరుకుంటుంది. సోల్డర్‌పొగ గారూ, మీ ట్రేలకి కోటింగ్ ఉందా? ఉంటే మీ అర మిల్లీమీటరు సందులో సుమారు పావు వంతు అక్కడే పోతుంది.

సోల్డర్‌పొగ:
ఉంది. నలుపు. అది లెక్కలో వేసుకోలేదు, ఒప్పుకుంటున్నా.

సరే, 149.5కి మార్చి, రంధ్రాలు జరిపి, ఈసారి స్టెప్ ఫైలే తీస్తున్నా. ఒక్క ముక్క సైట్లో పెడతా, అదే ఫైల్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బాలానగర్ కూడా వెళ్తా, కాగితం ప్రింటు మీద ఎర్ర ఇంకుతో వెడల్పు చుట్టూ గుండ్రం చుట్టి. రెండూ వచ్చాక ఫోటోలు పెడతా. పాత పదింట్లో రెండింటిని ఆకురాయితో రాసి ఇరికించాను, పెయింటు మాత్రం పోయింది.